అప్‌డేట్: అమ్మ ఫోన్‌లో సిమ్ కంపెనీ యాప్, పర్మిషన్ల గొడవ

రీఛార్జ్ చేసుకునే యాప్‌కి కాంటాక్ట్స్, కాల్ లాగ్, ఎస్సెమ్మెస్, లొకేషన్ ఎందుకని మొన్న అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

ముందు తిరుపతిలో తిలక్ రోడ్డులోని ఆ సిమ్ కంపెనీ షాపుకే వెళ్లి అడిగాను. కౌంటర్ దగ్గరి కుర్రాడు తల కూడా ఎత్తకుండా "అన్నీ అలౌ కొట్టేయండన్నా, ఏం కాదు" అన్నాడు. వాడికి తెలిసింది అంతే, పాపం.

ఇంటికొచ్చి సెట్టింగ్స్‌లో ఒక్కొక్కటీ తీసేశాను. యాప్ తెరిచిన ప్రతిసారీ కాసేపు అలుగుతుంది, కానీ బ్యాలెన్స్ చూపిస్తుంది, రీఛార్జూ అవుతుంది. మరి అంత పట్టు ఎందుకు పట్టినట్టో!

ఒకరు చెప్పినట్టు, లొకేషన్ ఆపినంత మాత్రాన కంపెనీకి మనం కనపడకుండా పోం. ఏ టవర్ కింద ఉన్నామో, ఎవరికి కాల్ చేశామో నెట్‌వర్క్‌కి ఎలాగూ తెలుస్తుంది. దాని దగ్గర లేనిది కాంటాక్ట్స్ లిస్టే. అమ్మ ఫోన్‌లో చిత్తూరు చుట్టాల నుంచి పాలవాడి దాకా అందరి నంబర్లూ ఉన్నాయి. వాళ్లనెవరూ అడగలేదు కదా.

2023 డేటా రక్షణ చట్టం చదవమన్నవారికి ప్రత్యేకంగా థాంక్స్. అందులో టెలీమెడిసిన్ (ఫోన్‌లోనే డాక్టర్‌కి చూపించుకునే) యాప్ ఉదాహరణ ఉంది: కాంటాక్ట్స్ ఆ సేవకు అవసరం లేదు కాబట్టి, మనం సరేనన్నా ఆ అనుమతి కాంటాక్ట్స్‌కి వర్తించదట. రీఛార్జ్ యాప్‌కీ అదే లెక్క అని కస్టమర్ కేర్‌కి మెయిల్ పెట్టాను. "మీ అభిప్రాయం మాకు విలువైనది" అని జవాబొచ్చింది.

చివరికి యాప్ తీసేశాను. అమ్మకి రీఛార్జ్ ఇప్పుడు నా ఫోన్ నుంచి యూపీఐలోనే చేస్తున్నాను.