కార్నియా (కంటి ముందు భాగంలోని పారదర్శక పొర) మార్పిడి జరిగిన కొన్ని నెలల తర్వాత కూడా చూపు మసకగా ఉండటం సహజమేనా?

ప్రశ్న:
మా అమ్మగారి కుడి కంటికి పూర్తి మందం గల కార్నియాను మార్చి కుట్లు వేశారు. శస్త్రచికిత్స జరిగి కొన్ని నెలలైంది. నొప్పి లేదు, ఎరుపు తగ్గింది. కానీ చూపు ఇంకా మసకగానే ఉంది. మాకు తెలిసిన ఒకావిడకు ఇదే చికిత్స తర్వాత కొద్ది వారాల్లోనే చూపు వచ్చిందట, ఆవిడను మొదటి రోజుల్లో వెల్లకిలా పడుకోమన్నారట. అమ్మకు అలా చెప్పలేదు. చికిత్స ఫలించలేదేమోనని ఆమె దిగులు పడుతున్నారు. అనుభవం ఉన్నవారు దయచేసి వివరించగలరు.

జవాబు 1:
నమస్కారమండీ. నాకూ ఇదే శస్త్రచికిత్స జరిగింది కనుక అమ్మగారి దిగులు నాకు బాగా అర్థమవుతుంది. కార్నియాలో రక్తనాళాలు ఉండవు. అది పారదర్శకంగా ఉండటానికీ, దాని గాయం చర్మం మీది గాయం కన్నా చాలా నెమ్మదిగా మానటానికీ అదొక ముఖ్య కారణం. సుమారు అర మిల్లీమీటరు మందం ఉండే ఆ పొరను వెంట్రుక కన్నా సన్నని నైలాన్ దారంతో చుట్టూ కుడతారు. కుట్ల బిగువు అన్ని వైపులా ఒకేలా ఉండదు కాబట్టి కార్నియా వంపు మారి ఆస్టిగ్మాటిజం (వంపు అన్ని వైపులా సమంగా లేక చూపు స్పష్టత తగ్గడం) ఏర్పడుతుంది, మసకకు చాలావరకు అదే కారణం. డాక్టర్లు ఆ వంపును కొలిచి, బిగువు ఎక్కువగా ఉన్న కుట్లను తగిన సమయంలో తీస్తారు. చూపు పూర్తిగా స్థిరపడటానికి 12 నుంచి 18 నెలలు పట్టడం మామూలే. అప్పటికీ కళ్లద్దాలతో సరిపోకపోతే గట్టి రకం కాంటాక్ట్ లెన్స్ ఎంతో మేలు చేస్తుంది.

జవాబు 2:
మీకు తెలిసిన ఆవిడకు జరిగింది బహుశా వేరే చికిత్స అయి ఉంటుంది. కార్నియా లోపలి పొర మాత్రమే దెబ్బతిన్నప్పుడు దాత కన్ను నుంచి ఆ పలుచని పొరను తీసి అమర్చి, అది అతుక్కునేలా కంటిలోకి గాలి లేదా వాయువు బుడగను పంపుతారు. బుడగ పైకి తేలి పొరను అదిమి ఉంచాలి కాబట్టే వెల్లకిలా పడుకోమంటారు. కుట్లు దాదాపు ఉండవు కనుక చూపు త్వరగా వస్తుంది. ఈ రెండింటినీ పోల్చుకుని బాధపడటం అనవసరం.

ప్రశ్న అడిగినవారు:
మీ ఇద్దరికీ కృతజ్ఞతలు. ఎరుపు తగ్గింది కదా, ఇక చుక్కల మందు ఆపేస్తానని అమ్మ అంటున్నారు. ఆపవచ్చా?

జవాబు 1:
దయచేసి ఆపనివ్వకండి. దాత కార్నియాను శరీరం తిరస్కరించకుండా కాపాడుతున్నవి ఆ స్టెరాయిడ్ చుక్కలే. ఎరుపు లేకపోవడం కూడా వాటి ఫలితం కావచ్చు. మోతాదును తగ్గించాల్సింది డాక్టరే. ఆ చుక్కల వల్ల కొందరిలో కంటి ఒత్తిడి పెరుగుతుంది, అది రోగికి తెలియకపోవచ్చు కాబట్టి పరీక్షలకు తప్పక తీసుకువెళ్లండి. మొదటి నుంచీ ఉన్న మసక గురించి నేను అంతగా భయపడను. కానీ తేటపడిన చూపు మళ్లీ మసకబారినా, ఎరుపు తిరిగి వచ్చినా, వెలుతురు చూడలేకపోయినా, నొప్పి మొదలైనా అదే రోజు డాక్టరుకు చూపించండి. తిరస్కరణ ఏళ్ల తర్వాత కూడా రావచ్చు, వెంటనే గుర్తిస్తే చాలాసార్లు మందులతోనే అదుపులోకి వస్తుంది. కుట్టు వదులై కంట్లో ఏదో గుచ్చుకుంటున్నట్లు అనిపించినా ఆలస్యం చేయవద్దు, దానివల్ల ఇన్ఫెక్షన్ సోకవచ్చు.