తాడు బొంగరం వణికి పడిపోతోంది: తప్పు మేకుదా, తాడుదా?

మురళీనగర్ నాన్న:
నమస్కారమండీ. సెలవుల్లో మా వీధి పిల్లలకి బొంగరాలాట నేర్పాలని ఉంది. నా దగ్గర రెండు రకాలున్నాయి. ఒకటి ఏటికొప్పాక లక్కరంగుల బొంగరం, వేళ్ళతో తిప్పేది. అది చక్కగా తిరుగుతోంది. రెండోది లేత్ మీద తీయించిన తుమ్మకర్ర బొంగరం, కింద మేకు కొట్టింది, వెడల్పు 5 సెం.మీ. తాడుతో వదిలితే జరజరా వణికి నాలుగైదు సెకన్లకే ఒరిగిపోతోంది. తాడు నైలాన్‌ది, గజం పొడవు. లోపం ఎక్కడుంది? పోనీ ఏటికొప్పాక దానికే మేకు కొట్టించెయ్యనా? గీత గీసి కొట్టే ఆట ఎలా ఆడించాలో కూడా చెప్పండి.

చెక్కపని, గాజువాక:
ఏటికొప్పాక దానికి మేకు వద్దండి. అది అంకుడు కర్ర. తెల్లగా, సన్నటి పోగుతో ఉంటుంది, ఉలికి ఇట్టే లొంగుతుంది. ఆ నునుపు అందుకే వస్తుంది. దెబ్బలాటలో మాత్రం ఎదుటి మేకు దిగిందంటే చీలిపోతుంది. దెబ్బకి ఆగేవి తుమ్మ, చింత, జామ. మీ కర్ర సరైనదే.

వణుకుతోందంటే ముందు మేకుని అనుమానించాలి. స్టీలు పళ్ళెం బోర్లించి దాని మీద బొంగరాన్ని వేళ్ళతో తిప్పండి. మేకు మొన ఒకే చుక్క మీద నిలబడాలి. చిన్న సున్నా చుడుతోందంటే మేకు నడిమధ్యలో లేనట్టే. కొంచెం తేడా అయితే చిన్న సుత్తితో పక్కనుంచి తట్టండి, తట్టినప్పుడల్లా మళ్ళీ తిప్పి చూడండి. వంకర ఎక్కువైతే మేకు పీకేసి, ఆ కన్నంలో ఫెవికాల్ రాసిన వెదురు పుల్ల దిగ్గొట్టి, ఒక రోజు ఆరనిచ్చి కొత్త కన్నం వెయ్యాలి. 3 మి.మీ. మేకుకి 2.5 మి.మీ. కన్నం. కన్నం వెయ్యకుండా కొడితే తుమ్మ పగులుతుంది. పగలకపోయినా మేకు పోగు వెంట పక్కకి జారుతుంది, మీ దానికి బహుశా ఇదే జరిగుంటుంది.

మేకు లోపలికి అంగుళం, బయటికి 8 నుంచి 10 మి.మీ. అంతకన్నా బయటికుంటే బరువంతా ఎత్తుకి పోయి తొందరగా ఒరుగుతుంది. మొనని ఆకురాయితో కాస్త గుండ్రం చెయ్యండి. సూదిగా ఉంటే మట్టిలో దిగి అక్కడే ఆగిపోతుంది.

మేకు తిన్నగానే ఉండి వణుకుతుంటే కర్రలో తేడా ఉన్నట్టు. మేకు తీసి బకెట్ నీళ్ళలో వదలండి. ఎటు తిప్పి వదిలినా ఒకే పక్క కిందకి వస్తోందంటే ఆ పక్క బరువు. వెంటనే తుడిచి, ఆరాక అక్కడ గరుకు కాగితంతో రుద్దండి. పచ్చికర్రతో తీసిందైతే ఆరేకొద్దీ కోలగా మారుతుంది. అడ్డంగా రెండు వైపులా కొలిచి చూడండి. 2 మి.మీ. తేడా ఉందంటే రుద్దడం దండగ, మళ్ళీ లేత్ ఎక్కించాల్సిందే.

పాత ఆటగాడు, భీమిలి:
మేకు సంగతి ఆయన చెప్పారు. కానీ తాడు కూడా తప్పేనండి. నైలాన్ జారుతుంది, కర్రని పట్టుకోదు. మెలితిప్పిన నూలుతాడు, 3 మి.మీ. లావు, నాలుగున్నర అడుగుల నుంచి ఐదు దాకా ఉండాలి. ఒక చివర ముడి. రెండో చివర సోడా మూతకి కన్నం చేసి దూర్చి ముడెయ్యండి, వేళ్ళ మధ్య నుంచి జారదు. చుట్టేముందు తాడు కొంచెం తడపండి.

ముడిని మేకు మొదట్లో నొక్కిపెట్టి, అక్కడి నుంచి పొట్ట వైపు వరసగా చుట్టాలి. చుట్టు పక్కన చుట్టు రావాలి, ఒకదాని మీద ఒకటి ఎక్కితే విడిచేటప్పుడు తాడు చిక్కుకుని బొంగరం వెనక్కి ఎగిరొస్తుంది. మొహానికి దెబ్బలు తగిలేది అలాగే. పొట్ట మీదకొచ్చాక ఆపెయ్యాలి. నేర్చుకునే గుంటలకి మేకు కిందకి ఉంచి పక్కనుంచి విసరడమే నేర్పండి. మేకు పైకి పెట్టి నెత్తి మీంచి కొట్టేది తర్వాత. బొంగరం చేతిని వదిలిన క్షణంలో తాడు వెనక్కి లాగాలి. ముందే లాగితే పల్టీ కొడుతుంది, ఆలస్యమైతే తిరుగుడు చాలదు.

ఎర్రమట్టి గట్టిపడిన నేల అన్నిటికన్నా మంచిది. బీచ్ ఇసకలో మేకు కూరుకుపోతుంది, సిమెంటు మీద జారుతుంది. మట్టి కావాలని మా భీమిలి దగ్గరున్న ఎర్రమట్టి దిబ్బల జోలికి మాత్రం వెళ్ళకండి, అవి కాపాడుకోవాల్సినవి.

వీధాట, మద్దిలపాలెం:
ఆట సంగతి. మూడడుగుల వెడల్పు గుండ్రం గియ్యండి. ఎవరిది లోపల పెట్టాలో తేల్చడానికి పంటలు వేసే పని లేదు: అందరూ ఒకేసారి బొంగరాలు వదిలి, తిరుగుతున్నదాన్ని తాడుతో లేపి చేత్తో పట్టాలి. ఆఖరున పట్టినవాడిది, అసలు తిరగనివాడిది గుండ్రంలో పెట్టాలి. మిగతావాళ్ళు వరసగా దాన్ని గురి చూసి కొడతారు. కొట్టిన బొంగరం తప్పకుండా తిరగాలి. తిరక్కుండా పడిపోయినా, గుండ్రం లోపలే చచ్చినా అదీ లోపలికే. లోపలున్నది బయటికి దొర్లితే మళ్ళీ మొదటి నుంచి. ఓడినవాడి బొంగరానికి మేకుతో గాట్లు పెట్టే పద్ధతి వీధికో రకంగా ఉంటుంది, మొదలెట్టకముందే ఖాయం చేసుకోండి. తగువులన్నీ అక్కడే వస్తాయి. చూసేవాళ్ళు పది అడుగులు దూరంగా, విసిరేవాడి వెనకే నిలబడాలి.

మురళీనగర్ నాన్న:
పళ్ళెం మీద తిప్పి చూశాను. మొన సున్నా చుడుతోందండి, బఠాణీ గింజంత. రేపు పీకేసి కన్నం మారుస్తాను, నూలుతాడు కూడా కొంటాను. ఇంకొక్కటి. మా చంటిది ఏటికొప్పాక బొంగరాన్ని నోట్లో పెట్టుకుంటోంది, శానిటైజర్‌తో తుడవచ్చా?

చెక్కపని, గాజువాక:
శానిటైజర్ వద్దు. లక్క స్పిరిట్‌లో కరుగుతుంది, రంగు గుడ్డకి అంటుకొచ్చేస్తుంది. వేడినీళ్ళూ వద్దు, ఎండలో కారులో వదిలెయ్యనూ వద్దు, లక్క మెత్తబడుతుంది. లేత్ మీద కర్ర తిరుగుతుండగా లక్క కడ్డీ ఆనిస్తే ఆ రాపిడి వేడికే కరిగి పట్టింది కదా, మళ్ళీ వేడి తగిలితే కదులుతుంది. తడిగుడ్డతో తుడిచి పొడిగుడ్డతో అద్దండి, చాలు. పసుపు, నీలిమందు, జాఫ్రా గింజలు లాంటివాటితో రంగు కట్టినదైతే రంగు గురించి భయపడక్కర్లేదు. కొనేటప్పుడు ప్రకృతి రంగులేనా అని అడిగి తీసుకోండి, రసాయన రంగులవీ బజార్లో కలిసే ఉంటాయి. చంటిదానికైతే బొంగరం కాడ సన్నంగా ఉందేమో చూసుకోండి. విరిగితే గొంతులో పడేంత ముక్క అదే.