చిన్న క్లాసుల్లో 'జీవన నైపుణ్యాల' పీరియడ్: ఉండాలా, వద్దా?

తెల్లకాగితం | సోమవారం, రాత్రి 9:12
మా పాప మూడో తరగతి. వచ్చే ఏడాది నుంచి వారానికి ఒక పీరియడ్, 40 నిమిషాలు, 'ఆరోగ్యం, బంధాలు, జీవన నైపుణ్యాలు' అని కొత్తగా పెడతామని బడి నుంచి కాగితం వచ్చింది. శుభ్రత, నిద్ర, కోపం వస్తే ఏం చేయాలి, స్నేహితులతో గొడవలు, ఎవరైనా ఒంటి మీద చెయ్యి వేస్తే వద్దని చెప్పడం, నాలుగు, ఐదు తరగతులకు ఒంట్లో వచ్చే మార్పులు. తల్లిదండ్రుల అభిప్రాయం శుక్రవారంలోగా రాసి పంపమన్నారు. మా ఇంట్లోనే రెండు పార్టీలు. ఆయన మంచిదే అంటారు. అత్తయ్య 'ఇవి కూడా బడిలోనే చెప్పాలా, మనం లేమా' అంటారు. నాకు ఎటూ తేలడం లేదు. మీరైతే ఏం రాస్తారు?

లెక్కపక్కా | సోమవారం, రాత్రి 9:31
వద్దని రాయండి. కారణం లెక్కే. వారానికి 40 నిమిషాలు, ఏడాదికి 35 వారాలు వేసుకోండి, 1,400 నిమిషాలు. అంటే 23 గంటల 20 నిమిషాలు. ఆ టైం ఇస్తే పిల్లలకు భాగహారం మొత్తం వచ్చేస్తుంది. ఐదో తరగతికి వచ్చినా ఒక పేరా చదివి అర్థం చెప్పలేని పిల్లలు ఎంతమంది ఉన్నారో ముందు అది చూడండి. కోపం ఎలా దిగమింగాలో, స్నేహం ఎలా చేయాలో బతుకే నేర్పుతుంది. దానికి టైంటేబుల్లో గడి దేనికి?

గోడమీదపిల్లి | సోమవారం, రాత్రి 9:34
మనకు ఎవరూ నేర్పలేదు. అందుకే ఇక్కడ ఇంత ముచ్చటగా మాట్లాడుకుంటున్నాం.

నల్లబల్ల | సోమవారం, రాత్రి 10:20
14 ఏళ్లుగా ప్రైమరీ క్లాసులకే చెబుతున్నాను. లెక్కపక్కా గారి లెక్కలో ఒక పద్దు పోయింది. ఆటల విరామం అయి పిల్లలు లోపలికి రాగానే రోజూ పది నిమిషాలు పంచాయితీకే పోతాయి. 'టీచర్, వాడు తోశాడు', 'టీచర్, అది నాతో కటీఫ్ అంది', 'టీచర్, నా స్కేలు విరిచేసి నవ్వుతున్నాడు'. ఐదు రోజులకు 50 నిమిషాలు. కొత్త పీరియడ్ కన్నా పది ఎక్కువే. అంటే ఆ టైం ఇప్పుడూ ఖర్చవుతోంది. పద్ధతి లేకుండా, నా గొంతు పోయేలా.

నైపుణ్యాలంటే గాల్లో మాట కాదండీ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లలోనే పది నైపుణ్యాలను పేరు పెట్టి చెప్పింది. వాటిలో నా క్లాసుకు రోజూ పనికొచ్చేవి నాలుగు: తన సంగతి తనకు తెలియడం, ఎదుటివాడి బాధ పట్టడం, అనుకున్నది చెప్పగలగడం, కోపాన్నీ భయాన్నీ పట్టుకోగలగడం. చదువు పాడవుతుందన్న భయం వద్దు. 213 కార్యక్రమాలు, రెండు లక్షల డెబ్బై వేల మంది పిల్లలను కలిపి చూసిన పరిశీలన ఒకటి 2011లో వచ్చింది. ఇవి నేర్చుకున్న పిల్లలు చదువులో కూడా 11 పర్సంటైల్ ముందున్నారు.

ఇంకొకటి. ఆడపిల్లల్లో ఒంటి మార్పులు 8 నుంచి 13 ఏళ్ల మధ్య ఎప్పుడైనా మొదలవుతాయి. ఎనిమిదేళ్లంటే మూడో తరగతి. ఒకసారి నాలుగో తరగతి పాప బడి వదిలినా బెంచీ మీంచి లేవలేదు, ఒళ్లో బ్యాగు గట్టిగా పట్టుకుని కూర్చుంది. తనకు పెద్ద జబ్బు వచ్చిందనుకుంది. యూనిఫాం పాడైందని అమ్మ కొడుతుందనుకుంది. ఇది 'పెద్దయ్యాక చెబుదాం' అనుకునే విషయమేనా?

లెక్కపక్కా | సోమవారం, రాత్రి 11:02
11 పర్సంటైల్ అంటే 11 మార్కులు కాదు, చదివేవాళ్లకు ఆ తేడా చెప్పాలి. మధ్యలో ఉన్న పిల్లాడు వందలో ఇంకో పదకొండు మందిని దాటడం. అది కూడా పద్ధతిగా నడిపిన చోట. మన పిల్లల బడిలో ఈ పీరియడ్ ఎవరికిస్తారో నాకు తెలుసు. ఆ గంటకు ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లకు.

ఇలాంటి సరదాలు ఇంతకుముందూ చూశాం. 1983లో లాస్ ఏంజెలెస్‌లో 'డేర్' అని మొదలుపెట్టారు. పోలీసులే క్లాసుకు వచ్చి మత్తుమందుల జోలికి పోవద్దని చెప్పేవారు. అమెరికా అంతా పాకింది. తీరా లెక్క తీస్తే, పాఠం విన్న పిల్లలకూ విననివాళ్లకూ వాడకంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. బ్రిటన్‌లో 11 నుంచి 14 ఏళ్ల పిల్లలకు వేలమందికి బడిలో మనసు నిలిపే సాధన నేర్పి చూశారు. 2022లో ఫలితాలు వచ్చాయి. మామూలుగా చదువుకున్న పిల్లలకన్నా మెరుగేమీ కనబడలేదు. 23 గంటలు, మళ్లీ చెబుతున్నాను.

తెల్లకోటు | మంగళవారం, ఉదయం 6:48
నైట్ డ్యూటీ దిగి చదువుతున్నాను. పిల్లల వార్డులో నర్సుని. డేర్ గురించి ఆయన చెప్పింది నిజమే. పెద్దవాడొకడు నిలబడి 'వద్దు వద్దు' అని ఉపన్యాసం ఇస్తే పిల్లలు మారరు. అందుకే చేయించి నేర్పాలి. చేతులు కడుక్కోవడం పాటగా చెబితే పాట వస్తుంది, అలవాటు రాదు. సబ్బూ నీళ్లూ ఉన్నచోట రోజూ కడిగిస్తే విరేచనాలు దాదాపు మూడో వంతు తగ్గుతాయి.

తప్పుడు స్పర్శ పాఠాల మీద కూడా ఉన్నది ఉన్నట్టు చెబుతాను. 24 అధ్యయనాలు, 5,802 మంది పిల్లలు, అన్నీ కలిపి 2015లో కొక్రేన్ (వైద్య పరిశోధనలను కలిపి తూచే సంస్థ) సమీక్ష వచ్చింది. పిల్లలకు విషయం తెలిసింది, ఎలా తప్పించుకోవాలో చేసి చూపించగలిగారు. కానీ దానివల్ల అఘాయిత్యాలు తగ్గాయా అన్నది ఆ అధ్యయనాలతో తేలలేదు.

అయినా ఉండాలనే అంటాను. మా దగ్గరికి ఒక పాపను తెచ్చారు. నాలుగు రోజులు కడుపునొప్పి అని మందు వేశారట. చూస్తే మూత్రంలో ఇన్ఫెక్షన్. 'అక్కడ మంట' అని చెప్పడానికి దాని దగ్గర మాట లేదు. ఆ చోటికి ఇంట్లో ఉన్న ఒకే ఒక్క పేరు 'ఛీ'.

లెక్కపక్కా | మంగళవారం, ఉదయం 7:15
అంటే తగ్గిందని రుజువు లేదు. మీరే ఒప్పుకున్నారు. ధన్యవాదాలు.

రెండోబెంచీ | మంగళవారం, ఉదయం 8:05
అసలు చిక్కు తెలుగులో ఉంది, ఎవరూ పట్టించుకోవడం లేదు. ముక్కు, చెవి, మోకాలు అని గడగడా చెప్పిస్తాం. నడుము దాటాక మాట ఉండదు. ఉన్నవి రెండు రకాలు. పుస్తకంలో సంస్కృతం, పిల్లలకు నోరు తిరగదు. వీధిలో తిట్టు, పలికితే మూతి మీద పడుతుంది. ఈ రెంటికీ మధ్య ముద్దుపేర్లు, ఇంటికొకటి. టీచర్ ఏ మాట వాడాలి? ముందు ఈ జాబితా తేల్చండి, తర్వాత పీరియడ్ సంగతి.

గోడమీదపిల్లి | మంగళవారం, ఉదయం 8:07
ఇంగ్లీషు.

రెండోబెంచీ | మంగళవారం, ఉదయం 8:09
అదే నా బాధ. సొంత ఒంటికి కూడా అద్దె పేర్లేనా?

తెల్లకోటు | మంగళవారం, మధ్యాహ్నం 2:30
ఏ భాషైనా సరేనండీ, ఇంటి బయటివాళ్లకు కూడా అర్థమయ్యే మాట ఒకటి కావాలి. ముద్దుపేరు మీ గుమ్మం దాటాక ఎవరికీ తెలియదు. సంస్కృతం నోరు తిరగదంటారా, అదే పిల్లలు డైనోసార్ల పేర్లు నా కన్నా బాగా పలుకుతారు.

తెల్లకాగితం | మంగళవారం, సాయంత్రం 6:10
నా కాగితంలో ఏం రాయాలో ఇంకా ఎవరూ చెప్పలేదు. మాటల జాబితా అయితే నేను రాయను. ఒక్కటి చెప్పండి, ఇది సెక్స్ పాఠమేనా? మా అత్తయ్య భయం అదే.

నల్లబల్ల | మంగళవారం, రాత్రి 9:40
కాదండీ. రెంటినీ కలిపేస్తారు, వేర్వేరు. ఇంగ్లండ్‌లో 2020 సెప్టెంబర్ నుంచి ప్రైమరీలో బంధాల పాఠం తప్పనిసరి. కుటుంబం, స్నేహం, మర్యాద, తన ఒంటి మీద తన హక్కు ఇందులోకి వస్తాయి. దీన్నుంచి పిల్లల్ని తప్పించడానికి తల్లిదండ్రులకు వీల్లేదు. సెక్స్ పాఠం ప్రైమరీలో తప్పనిసరి కాదు, పెట్టినా వద్దనుకున్నవాళ్లు తప్పించుకోవచ్చు. మీ కాగితంలో ఉన్నవన్నీ మొదటి రకమే. ఒంటి మార్పులు ఆరోగ్యం కిందికి వస్తాయి.

లెక్కపక్కా | మంగళవారం, రాత్రి 9:52
తల్లిదండ్రులకు వీల్లేదట. చూశారా? అసలు రంగు బయటపడింది. 23 గంటలు మన పిల్లల్ని తీసుకుని, లోపల ఏం అడుగుతారో మనకు చెప్పరు.

నల్లబల్ల | మంగళవారం, రాత్రి 10:05
ఆ 23 గంటల మాట ఇది ఎన్నోసారో లెక్కపెట్టడం మానేశాను. డ్రాయింగు పీరియడ్ వద్దని మీరు ఎప్పుడైనా రాశారా? దానికీ 23 గంటలే. మీ బాధ టైం కాదు. పిల్లాడికి నోరొస్తే ఇంట్లో ఎవరికి ఇబ్బందో వాళ్లే దీన్ని వద్దంటారు. 14 ఏళ్లలో నేను చూసింది ఇదే.

లెక్కపక్కా | మంగళవారం, రాత్రి 10:11
మాట జాగ్రత్త.

నిర్వాహకుడు | మంగళవారం, రాత్రి 10:30
మనుషుల మీదికి పోకండి. ఇంకోసారి అయితే ఈ చర్చ మూసేస్తాను.

లెక్కపక్కా | బుధవారం, రాత్రి 1:17
మూసేసే ముందు ఇది చెప్పి పోతాను.

మావాడు రెండో తరగతిలో ఉన్నప్పుడు వాళ్ల బడిలో ఇలాంటి పీరియడే పెట్టారు. నేను కూడా సంతకం పెట్టాను, మంచిదేనని. క్లాసులో ఒక అట్టపెట్టె ఉండేది. మనసులో ఉన్నది చీటీ మీద రాసి వేయాలి, ఎవరూ చూడరు అన్నారు. మావాడు రాశాడు. 'నాన్న అరిస్తే నేను బాత్రూంలో దాక్కుంటాను.'

ఆ చీటీ స్టాఫ్‌రూంలో తిరిగింది. నాకు ఎలా తెలుసంటే, ఫీజు కట్టించుకునే ఆయన నన్ను చూసి వేరే రకంగా నవ్వాడు. తర్వాత పిలిపించారు. ముగ్గురు కూర్చుని 'ఇంట్లో అంతా బాగానే ఉందా సార్' అని అడిగారు. అప్పటికి నాకు ఉద్యోగం పోయి నాలుగు నెలలు. అరిచేవాణ్ణి, నిజం. చెయ్యి ఎత్తలేదు. వాళ్ల ముఖాల్లో అది నమ్మినట్టు లేదు.

ఇంటికొచ్చి వాణ్ణి ఏమీ అనలేదు. కానీ పిలిపించారని వాడికి తెలిసింది. అప్పటినుంచి వాడు టీచర్‌కూ ఏమీ చెప్పడు, నాకూ చెప్పడు. ఏది అడిగినా 'ఏం లేదు' అంటాడు. ఆ పీరియడ్ వాడికి నేర్పింది అది. ఇప్పుడు చెప్పండి, డ్రాయింగు పీరియడ్‌లో ఇలా జరుగుతుందా?

తెల్లకోటు | బుధవారం, ఉదయం 7:02
ఆ చీటీని అలా తిప్పడం ఘోరం. ఆసుపత్రిలో అయితే ఉద్యోగం పోతుంది.

నల్లబల్ల | బుధవారం, ఉదయం 7:40
నిన్న రాత్రి నేను అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. మీ గురించి తెలియకుండా అన్నాను. చూడరని చెప్పి చూడటం, చూసింది పంచుకోవడం, రెండూ మా తప్పే. నేను కూడా అలాంటి పెట్టె పెట్టాను, కనుక సిగ్గుగా ఉంది.

కానీ నాది కూడా వినండి. చాలా ఏళ్ల కిందట ఐదో తరగతి పాప నాతో ఒక విషయం చెప్పింది. ఇంట్లో మనిషి గురించే. ఎవరికి చెప్పాలో నాకు ఎవరూ నేర్పలేదు. పైవాళ్లకు చెప్పాను. 'ముందు వాళ్ల ఇంట్లో అడుగుదాం' అని వాళ్లు పెద్దమనుషుల్లా కబురు పంపారు. వారంలో పాప టీసీ తీసుకుంది. ఎక్కడికి వెళ్లిందో నాకు తెలియదు.

లెక్కపక్కా | బుధవారం, ఉదయం 8:15
బాధాకరం. అయినా అలాంటిది వందలో ఒకటో రెండో. మిగతా వాటిలో మొదట తల్లిదండ్రులకే చెప్పాలి. స్టాఫ్‌రూం కన్నా ముందు, పెట్టె కన్నా ముందు. నా పిల్లాడి మాట నాకు మూడో మనిషి నోట తెలియకూడదు.

నల్లబల్ల | బుధవారం, ఉదయం 8:31
చీటీ చూడగానే అది ఆ ఒకటా, మిగతా తొంభైతొమ్మిదా అని నాకెలా తెలుస్తుంది? రెండూ ఒకే చేతిరాతలో ఉంటాయి. అనుమానం వస్తే సంబంధిత అధికారులకు చెప్పి తీరాలని చాలా దేశాల్లో చట్టమే ఉంది, ఇంటివాళ్లను అడిగి కాదు. మీ విషయంలో ఆ ముగ్గురూ చేసిన పద్ధతి తప్పు. అడగడం తప్పు కాదు. ఇక్కడ మీతో నేను ఒప్పుకోలేను.

లెక్కపక్కా | బుధవారం, ఉదయం 8:33
నేనూ ఒప్పుకోను.

రెండోబెంచీ | బుధవారం, ఉదయం 9:00
మాటల జాబితా సంగతి అలాగే ఉండిపోయింది.

తెల్లకాగితం | గురువారం, రాత్రి 8:45
కాగితం ఇచ్చేశాను. పీరియడ్ కావాలనే రాశాను. కింద నాలుగు ప్రశ్నలు రాశాను. ఎవరు చెబుతారు, వాళ్లకు శిక్షణ ఎన్ని రోజులు? పిల్లలు రాసింది ఎవరు చదువుతారు, తర్వాత ఎక్కడ పెడతారు? పిల్లలు గట్టి విషయం ఏదైనా చెబితే మొదట తెలిసేది ఎవరికి? అది పిల్లలకు ముందే చెబుతారా? మూడో ప్రశ్నకు జవాబు నా దగ్గరా లేదు. అత్తయ్య కూడా సంతకం పెట్టారు, ప్రశ్నలు నచ్చాయట.

లెక్కపక్కా | శుక్రవారం, రాత్రి 11:26
మూడో ప్రశ్నకు నా జవాబు మారలేదు.

నిన్న మావాణ్ణి అడిగాను. చీటీ గురించి కాదు. అప్పట్లో బాత్రూంలోకే ఎందుకు వెళ్లేవాడివి, మంచం కింద దాక్కోవచ్చుగా అని. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత 'దానికి లోపల గొళ్లెం ఉంది' అన్నాడు.

నల్లబల్ల | శుక్రవారం, రాత్రి 11:40
ఆ గొళ్లెం మాత్రం తీసేయకండి.