ఫ్రెంచ్ మాట్లాడే రాజులు అన్నేళ్లు ఏలినా ఇంగ్లీష్ ఎలా బతికింది?

మేడమీదగది:
ఇంగ్లండ్ చరిత్ర చదువుతున్నాను, ఒక దగ్గర ముడి విడటం లేదు, తెలిసినవాళ్లు చెప్పండి. 1066లో ఫ్రాన్స్ ఉత్తర తీరంలోని నార్మండీకి డ్యూక్ అయిన విలియం, హేస్టింగ్స్ దగ్గర ఇంగ్లండ్ రాజు హెరాల్డ్‌ని ఓడించి గద్దె ఎక్కాడు. ఆ తర్వాత మూడు వందల ఏళ్ల దాకా కొలువులో, కోర్టులో, పెద్ద దొరల ఇళ్లలో ఫ్రెంచ్‌దే పెత్తనం, చర్చిలోనూ రికార్డుల్లోనూ లాటిన్. రోమన్లు ఏలిన గాల్‌లో (ఇప్పటి ఫ్రాన్స్ ప్రాంతం) అక్కడి పాత భాష పూర్తిగా పోయి లాటినే నిలిచింది కదా, మరి ఇక్కడ అలా ఎందుకు జరగలేదు? ‘ప్రజల భాష కాబట్టి బతికింది’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. గాల్‌లో ఉన్నవాళ్లూ ప్రజలే కదండీ!

పాతకాగితం:
మంచి ప్రశ్న అండీ. గాల్‌లో మామూలు మనిషికి కూడా లాటిన్‌తో పని ఉండేది, రోమన్ సైన్యంలో కొలువు పూర్తి చేస్తే పౌరసత్వమే వచ్చేది. ఇంగ్లండ్‌లో పొలం దున్నేవాడు ఫ్రెంచ్ నేర్చుకుని చేసేదేముంది? పైగా వచ్చిన నార్మన్లు కొన్ని వేల మందే.

నన్నడిగితే అసలు మలుపు 1204. జాన్ రాజు నార్మండీని ఫ్రాన్స్ రాజుకు పోగొట్టుకోవడంతో, సముద్రానికి రెండు పక్కలా భూములున్న దొరలు ఏదో ఒక పక్కే తేల్చుకోవాల్సి వచ్చింది. ఇక్కడ ఉండిపోయినవాళ్ల పిల్లలకు ఫ్రెంచ్ కూర్చోబెట్టి నేర్పాల్సిన భాష అయిపోయింది. 13వ శతాబ్దంలో బిబ్స్‌వర్త్ ఊరి వాల్టర్ అనే ఆయన ఒక దొరసాని పిల్లల కోసం పద్యాల్లో ఫ్రెంచ్ వాచకం రాస్తే, అందులో వరసల మధ్య ఇంగ్లీష్ అర్థాలు ఉంటాయి. అంటే దొరల పిల్లలకు కూడా ముందు వచ్చింది ఇంగ్లీషే! ఆ తర్వాత 1362లో, ఫ్రెంచ్ జనానికి అర్థం కావడం లేదు కాబట్టి కోర్టులో వాదనలు ఇంగ్లీష్‌లో జరగాలని చట్టం చేశారు. ఆ చట్టాన్ని రాసింది మాత్రం ఫ్రెంచ్‌లోనే, అలవాటు అంత గట్టిది.

ఉత్తరగాలి:
బతికింది సరే, బతికిన భాష ఏ రూపంలో మిగిలిందో కూడా చూడాలి. పీటర్‌బరో మఠంలో సన్యాసులు రాసిన వార్షిక చరిత్ర ఒకటి 1154 దాకా సాగింది. 1116లో మఠం తగలబడింది, తర్వాత ఇంకో చోటి ప్రతి తెప్పించుకుని పాత సంవత్సరాలన్నీ తిరగరాసుకున్నారు, ఆ భాగం చాలావరకు పాత వ్యాకరణంలోనే ఉంటుంది. అదే పుస్తకం చివరి భాగానికి వస్తే ప్రత్యయాలు రాలిపోయి, లింగభేదం చెదిరిపోయి, కర్త ఏదో కర్మ ఏదో పదాల వరసను బట్టి పోల్చుకునే భాష కనిపిస్తుంది. స్టీఫెన్ రాజు కాలంలో దొరలు కోటలు కట్టుకుని జనాన్ని హింసించిన తీరు చెబుతూ, క్రీస్తూ ఆయన సాధువులూ నిద్రపోతున్నారని జనం బాహాటంగానే అన్నారని ఆ భాగం రాసిన సన్యాసి రాస్తాడు. చదివితే కడుపు తరుక్కుపోతుంది.

ఈ మార్పుకి ఫ్రెంచే కారణం అనేవాళ్లతో నేను ఏకీభవించను. పీటర్‌బరో ఉన్నది ఒకప్పుడు డేన్లు, అంటే డెన్మార్క్ వైపు నుంచి వచ్చిన స్కాండినేవియన్లు, స్థిరపడిన ప్రాంతం. 9వ శతాబ్దం నుంచి వాళ్లూ ఇంగ్లీష్ వాళ్లూ పక్కపక్కనే బతికారు, రెండు భాషల్లో మాటల మూలాలు దగ్గరగానే ఉండేవి, తేడా ఎక్కువగా చివరి ప్రత్యయాల్లోనే. అలాంటప్పుడు అడ్డొచ్చేది వాటినే వదిలేస్తారు. ‘దే’ (they), ‘దెమ్’ (them) లాంటి సర్వనామాలు కూడా ఆ స్కాండినేవియన్ల నుంచి వచ్చినవే.

ఇంకో సంగతి, ఫ్రెంచ్ మాటలు ఇంగ్లీష్‌లోకి వెల్లువలా వచ్చిపడింది 1066 తర్వాత వెంటనే కాదు, 1250 దాటాక. అంటే ఫ్రెంచ్ బలంగా ఉన్నప్పుడు కాదు, దొరలు దాన్ని వదిలి ఇంగ్లీష్‌కి మారుతూ తమ మాటల్ని వెంట తెచ్చుకున్నప్పుడు.

మేడమీదగది:
ఈ చివరి మాట నాకు అస్సలు తట్టలేదు, థాంక్స్ అండీ. మరి సర్కారు కాగితాల్లోకి ఎప్పుడు వచ్చింది?

పాతకాగితం:
ఒక్కసారిగా రాలేదు. 1399లో నాలుగో హెన్రీ సింహాసనం తనదని పార్లమెంటు ముందు చెప్పుకున్నది ఇంగ్లీష్‌లోనే. అతని కొడుకు ఐదో హెన్రీ 1417లో నార్మండీ మీద దండెత్తినప్పటి నుంచి తన ఉత్తరాలు ఇంగ్లీష్‌లో రాయించడం మొదలుపెట్టాడు. అది చూసి 1422లో లండన్‌లో బీరు కాచేవాళ్ల సంఘం తమ లెక్కాపత్రాలు ఇకమీదట ఇంగ్లీష్‌లోనే ఉండాలని తీర్మానించుకుంది, రాజే ఆ భాషలో రాస్తున్నాడనీ, తమలో చాలామందికి ఇంగ్లీష్ చదవడం రాయడం వచ్చు కానీ లాటిన్, ఫ్రెంచ్ రావనీ అందులో స్పష్టంగా ఉంది. కోర్టు రికార్డుల్లో మాత్రం లాటిన్ 1733 దాకా కదల్లేదు.