డయాలసిస్, హెచ్‌సీవీ: ఫిబ్-4 ఇంత ఎక్కువ ఎందుకొచ్చింది?

ప్రశ్న: నాన్నగారికి 52 ఏళ్లు, వారానికి మూడు డయాలసిస్‌లు, హెచ్‌సీవీ (హెపటైటిస్ సి వైరస్) పాజిటివ్. లివర్ ఎంజైములు ఎస్‌జీఓటీ 38, ఎస్‌జీపీటీ 25, ప్లేట్‌లెట్లు 1.40 లక్షలు. ఎంజైములు నార్మలే కదా, లివర్ బాగున్నట్టేనా? లివర్‌లో మచ్చలను అంచనా వేసే ఫిబ్-4 స్కోరు కాలిక్యులేటర్ మాత్రం 282 చూపిస్తోంది!

ల్యాబ్ టెక్నీషియన్: ప్లేట్‌లెట్ల గడిలో 1.4 కొట్టి ఉంటారండీ. అక్కడ వేలల్లో ఇవ్వాలి, అంటే 140. పైన వయసు × ఎస్‌జీఓటీ = 1976. కింద 140 × ఎస్‌జీపీటీ వర్గమూలం (5) = 700. భాగిస్తే 2.82. ఇది 1.45 లోపుంటే ముదిరిన మచ్చలు ఉండే అవకాశం తక్కువ, 3.25 దాటితే ఎక్కువ. మీది మధ్యలో పడింది. ఇలాంటిదే మరో స్కోరు ఏప్రి కూడా చూడండి: ఎస్‌జీఓటీ 38ని ల్యాబ్ పైహద్దు 40తో, మళ్లీ 140తో భాగించి వందతో గుణిస్తే 0.68. అదీ 0.5, 1.5ల మధ్యే.

నెఫ్రాలజీ డాక్టర్: ఎంజైములు నార్మల్ అని నిశ్చింతగా ఉండకండి. డయాలసిస్ వాళ్లలో ఇవి మామూలుగానే తక్కువ చూపిస్తాయి. బీ6 లోపం, ఒంట్లో నీరు చేరి రక్తం పలచబడడం కొన్ని కారణాలు. రెండు ఎంజైములూ సగానికి పడితే ఏప్రి కూడా సగమవుతుంది, ఫిబ్-4 మాత్రం 30 శాతమే తగ్గుతుంది. అందుకే రెండింటిలో ఏప్రినే తక్కువ నమ్ముతాను. ప్లేట్‌లెట్లది ఎదురు తంతు: హెపారిన్ (డయాలసిస్‌లో రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) వల్ల పడిపోతే లివర్ బాగున్నా స్కోరు పెరుగుతుంది. శాంపిల్ డయాలసిస్ మొదలవకముందే, హెపారిన్ ఎక్కించకముందే తీయించండి.

ల్యాబ్ టెక్నీషియన్: మామూలుగా రక్తం తీసే ఈడీటీఏ ట్యూబులో ప్లేట్‌లెట్లు గుంపులు కట్టినా కౌంట్ తక్కువొస్తుంది. స్మియర్ (గాజు పలక మీద పూసిన రక్తం) మైక్రోస్కోపులో చూడమనండి. గుంపులుంటే సిట్రేట్ ట్యూబులో తీయించి, వచ్చిన అంకెను 1.1తో గుణించాలి.

ప్రశ్న: లివర్ మచ్చలకు హయలురోనిక్ యాసిడ్ ఉన్న ఈఎల్‌ఎఫ్ ప్యానెల్ అనే రక్త పరీక్ష రాయించుకోమన్నారు. ఆ డబ్బు దండగా? లివర్ ముక్క తీసి చూసే బయాప్సీ తప్పదా?

నెఫ్రాలజీ డాక్టర్: కిడ్నీ పనిచేయకపోతే హయలురోనిక్ యాసిడ్ ఎలాగూ పెరుగుతుంది, మచ్చల వల్లో కాదో తేలదు. ఆ డబ్బు లివర్ ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్‌కి పెట్టండి. డయాలసిస్ అయ్యాక, నీరు తీసేసి డ్రై వెయిట్‌కి వచ్చినప్పుడు, కనీసం మూడు గంటలు ఏమీ తినకుండా చేయించాలి. ముందు చేస్తే నీటి బరువుకే లివర్ గట్టిగా కనిపిస్తుంది. యురేమియాలో (కిడ్నీ పనిచేయక రక్తంలో వ్యర్థాలు పేరుకున్నప్పుడు) రక్తం ఆగడం కష్టం కాబట్టి బయాప్సీ తొందరలేదు. స్కాన్, స్కోర్లు పొంతన కుదరకపోతే, లేదా ట్రాన్స్‌ప్లాంట్ ముందు తేల్చాల్సి వస్తే, మెడలోని రక్తనాళం ద్వారా బయాప్సీ చేసే పద్ధతి అడగండి. ఈలోగా హెచ్‌సీవీ ఆర్‌ఎన్‌ఏ పరీక్ష చూసి, వైరస్ ఉంటే మందులు మొదలుపెట్టించండి, స్కోరు కోసం ఆపొద్దు. సిర్రోసిస్ (మచ్చలు ముదిరి లివర్ గట్టిపడిపోవడం) తేలితే వైరస్ పోయాక కూడా ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్ ఉంటుంది.