థైరాయిడ్ ఉన్నవాళ్లు తగ్గకపోతే తప్పు గ్రంథిదా, కంచందా?

కాలవగట్టు నడక (భీమవరం దగ్గర ఉండి ఊరు):

మొన్న అమలాపురంలో పెళ్లికెళ్తే మా చిన్నత్త కూతురు నన్ను గుర్తుపట్టలేదు. 96 కిలోల మనిషిని 68కి వచ్చాను మరి, 22 నెలలు పట్టింది. గుర్తుపట్టాక అందరి ముందూ అనేసింది: "చూశావా వదినా, ఇన్నేళ్లూ థైరాయిడ్ అని సాకు చెప్పావు. నోరు కట్టుకుంటే తగ్గలేదూ?" పక్కనే థైరాయిడ్ మాత్ర వేసుకునే ఆడవాళ్లు ఇంకో ముగ్గురున్నారు. వాళ్ల ముఖాలు చూశాక నాకు చేతిలో కాజా దిగలేదు.

నన్ను తగ్గించింది తిండి కోతే, ఒప్పుకుంటాను. కానీ సాకు అనడం తప్పు. ఈ రెండూ ఎలా పొసుగుతాయంటారా, వినండి.

2019లో నడి వేసవిలో ఫ్యాన్ ఆపమనేదాన్ని. పొద్దున్నే ముఖం ఉబ్బి ఉండేది. రక్త పరీక్షలో టీఎస్‌హెచ్ 14 వచ్చింది, మామూలుగా 4 లోపు ఉండాలి. థైరాయిడ్ గ్రంథి మందగిస్తే ఈ అంకె పెరుగుతుంది, మాత్ర ఎక్కువైతే పడిపోతుంది. మాత్ర మొదలెట్టిన మూడు నెలల్లో నాలుగు కిలోలు పోయాయి, 100 నుంచి 96. ఇంక ఇలాగే తగ్గిపోతానని కొత్త జాకెట్లు కూడా కుట్టించాను. అక్కడే ఆగిపోయింది. గ్రంథి మందగిస్తే పెరిగే బరువులో చాలావరకు ఒంట్లో నిలిచిపోయిన ఉప్పూ నీరేనట, మాత్రతో పోయేది కూడా అదేనట. మిగతాది నా సొంత కొవ్వు!

మాకు రెండెకరాల రొయ్యల చెరువుంది. మేత చల్లాక చెక్ ట్రే పైకి లాగి చూస్తాం. మేత మిగిలిందంటే తర్వాతి పూట కోత. ఓ సాయంత్రం ట్రేలో మిగిలిన గుళికలు వేలితో జరుపుతుంటే అనిపించింది, రొయ్యకి ఇంత లెక్క చూస్తాను, నాకు మాత్రం గరిటెతో అందాజానే కదా అని. ఆ రాత్రే నా కంచంలో అన్నం కాటా మీద పెట్టాను. 540 గ్రాములు, ఒక్క పూటకి! రోజు మొత్తమ్మీద 250 గ్రాముల అన్నం తగ్గించాను. అంటే సుమారు 325 కేలరీలు. కిలో కొవ్వుకి దాదాపు 7,700 కేలరీలు అంటారు. 22 నెలలకి లెక్కేసుకోండి, కాస్త అటూ ఇటూగా 28 కిలోలే వస్తుంది. కాగితం మీద ఇంత నున్నగా వచ్చింది గానీ మధ్యలో నాలుగు నెలలు ముల్లు కదల్లేదు. ఒళ్లు తగ్గేకొద్దీ దాని ఖర్చూ తగ్గుతుంది కదా. అప్పుడే కాలవగట్టు మీద నడక మొదలెట్టాను.

మరి మా మరదలి మాట న్యాయమేనా? మీరేమంటారు?

మొగల్తూరు అబ్బాయి:

అక్కా, మీ లెక్కే ఆవిడ మాట నిజమంటోంది. పుస్తెలమ్మైనా పులస తినాలనే ఊళ్లు మనవి, తిండిని ఎవరూ తప్పు పట్టరు, అందుకని గ్రంథి మీదకి తోసేస్తాం. మా అమ్మ పొద్దున మాత్ర వేసుకుంటుంది, పదింటికి మూడు పూతరేకులు. రిపోర్టు నార్మల్. ఇంక థైరాయిడ్ ఏం చేసిందండీ?

రావులపాలెం అక్క:

మీ అమ్మగారు పూతరేకులు తింటే శిక్ష మాకా బాబూ? నాకు అన్నం ఒక్క పూటే. 82 దగ్గర రెండేళ్లుగా అతుక్కుపోయాను. టీఎస్‌హెచ్ ఓసారి 3, ఓసారి 9. మధ్యాహ్నం మూడయ్యేసరికి ఒళ్లు తడిసిన వరి బస్తా. ఆ ఒంటితో గట్టెక్కి నడవమని చెప్పడం తేలికే. మా ఆడపడుచు కొబ్బరినూనె డైట్ చేసి 15 కిలోలు తగ్గింది, అన్నం ముట్టగానే 15 కిలోలూ తిరిగొచ్చాయి. అయినా నాకు పాఠాలు చెప్పేది ఆవిడే.

మందుల షాపు బాబాయ్ (తణుకు):

రావులపాలెం అమ్మా, 3, 9 అని ఎగుడుదిగుడుగా వస్తుంటే ముందు మాత్ర ఎలా వేసుకుంటున్నావో చూడు. పరగడుపున, ఉత్త నీళ్లతో. కాఫీకి, టిఫినుకి అరగంట నుంచి గంట ఆగాలి. క్యాల్షియం, ఐరన్ మాత్రలుంటే నాలుగు గంటలు ఎడం ఉండాలి, లేకపోతే అవి దీన్ని ఒంటికి పట్టనివ్వవు. అన్నీ ఒకే గుక్కలో మింగేవాళ్లని రోజూ చూస్తాను.

ఇంకో సంగతి. త్వరగా తగ్గాలని సొంతంగా ఎక్కువ పవరు మాత్ర అడుగుతారు. నేనివ్వను. అది మోతాదు మించితే గుండె లయ తప్పుతుంది, ఎముకలు గుల్లవుతాయి. డాక్టరు డోసు మార్చినా ఆరు నుంచి ఎనిమిది వారాలకి గానీ టీఎస్‌హెచ్ కుదురుకోదు. వారానికోసారి పరీక్ష చేయించడం డబ్బు దండగ.

కాలవగట్టు నడక:

బాబాయ్ గారూ, నాకు తిరగబడింది. 75 కిలోలకి దిగాక రాత్రిళ్లు గుండె దడ, నిద్ర లేదు. టెన్షన్ అనుకున్నాను. పరీక్షలో టీఎస్‌హెచ్ 0.1. 96 కిలోల ఒంటికి సరిపోయిన 125 మైక్రోగ్రాముల డోసు ఈ ఒంటికి ఎక్కువైందట, 100కి దించారు. బాగా తగ్గినవాళ్లు ఇది చూసుకోండి.

మొగల్తూరు తమ్ముడూ, ఒక్కటి చెప్పు. 2019లో నన్ను అన్నం తూచుకోమంటే తూచేదాన్నా? మెట్లెక్కితే కూలబడేదాన్ని, పిల్లాడి నిక్కరు గుండీ పెట్టడానికి ఓపిక ఉండేది కాదు. మాత్ర కుదిరి, ఆ నీరసం వదిలాకే కదా కాటా చేతికొచ్చింది. మా మరదలు చూసింది ఆ 22 నెలలే. అంతకు ముందుది ఎవరికీ కనపడలేదు.

మొగల్తూరు అబ్బాయి:

సరే అక్కా, సాకు అన్న మాట వరకు వెనక్కి తీసుకుంటున్నా. పూతరేకుల మాట మాత్రం తీసుకోను.

రావులపాలెం అక్క:

బాబాయ్ గారూ, ఇప్పుడే వంటింట్లో డబ్బా తీసి చూశాను. క్యాల్షియం మాత్ర, థైరాయిడ్ మాత్ర ఒకే డబ్బా. రెండూ పొద్దున కాఫీతోనే, మూడేళ్లుగా! క్యాల్షియం రాత్రి భోజనం తర్వాతకి మార్చేస్తున్నా, డాక్టరు గారికీ చెప్తాను. రెండు నెలలాగి కొత్త రిపోర్టు అంకె ఇక్కడే పెడతాను. ఈలోపు మా ఆడపడుచు ఫోన్ చేస్తే ఏం చెప్పాలో ఎవరైనా రాయండి.