అమ్మకు స్కిజోఫ్రీనియా ఉంటే నాకూ వస్తుందా?

ప్రశ్న

నా వయసు 21 సంవత్సరాలు. మా అమ్మకు 26వ ఏట స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బు ఉన్నట్లు నిర్ధారణ అయింది. మందులు వాడినంతకాలం ఆమె బాగానే ఉంటుంది. మానేసిన ప్రతిసారీ ఎవరో చూస్తున్నారంటూ కిటికీ అద్దాలకు పాత పేపర్లు అంటించడం మొదలుపెడుతుంది. ఈ జబ్బు రక్తంలోనే ఉంటుందనే మాట బంధువుల నోట వింటూ పెరిగాను. రెండు నెలలుగా, రాత్రి చదువుకుంటున్నప్పుడు బయట అలికిడైతే చాలు, నిద్రపోతున్న తమ్ముణ్ణి లేపి “నీకూ వినిపించిందా?” అని అడుగుతున్నాను. వినిపించిందని వాడు చెబితే గాని మళ్లీ పుస్తకం తెరవలేకపోతున్నాను. వంశపారంపర్యం కాకుండా ఈ జబ్బుకు దారితీసే అంశాలు ఇంకేమున్నాయి? వాటిలో నా చేతిలో ఉన్నవి ఏవి? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

సమాధానం 1

నేను మానసిక వైద్యంలో పనిచేస్తున్నాను. జనాభాలో నూటికి సుమారు ఒకరికి జీవితకాలంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ జబ్బు వస్తుంది. తల్లిదండ్రులలో ఒకరికి ఉంటే, పిల్లలలో అది నూటికి పదిమంది దాకా ఉంటుంది. “పది రెట్లు ఎక్కువ” అని చెబితే ఎవరికైనా గుండె జారిపోతుంది గాని, అదే లెక్కను తిప్పి చెబితే, మీవంటి వారిలో తొంభై మందికి ఈ జబ్బు రాదు. మీ బంధువులు ఈ రెండో సగం చెప్పినట్లు లేరు.

జన్యువుల పాత్ర పెద్దదే, కానీ పూర్తిగా వాటిదే కాదు. జన్యువులన్నీ ఒకటిగా ఉండే సమరూప కవలలలో ఒకరికి జబ్బు వచ్చినా, రెండోవారికి రాని సందర్భాలు సగం వరకూ, కొన్ని పరిశోధనలలో అంతకంటే ఎక్కువగానూ కనిపించాయి. పైగా దీనికి ఒక జన్యువంటూ లేదు. ఒక్కొక్కటిగా చూస్తే అతి స్వల్పమైన ప్రభావం ఉన్న వందలాది జన్యు భేదాలు కలిసి పనిచేస్తాయి.

పుట్టకముందే పడే ప్రభావాలు కూడా ఉన్నాయి. 1944–45 శీతకాలంలో, జర్మన్ ఆక్రమణలో ఉన్న నెదర్లాండ్స్‌లో తీవ్రమైన కరువు వచ్చింది. కరువు ముదిరిన నెలల్లో తల్లి కడుపున పడిన పిల్లలలో, పెద్దయ్యాక స్కిజోఫ్రీనియా దాదాపు రెండింతలుగా కనిపించింది. ప్రసవ సమయంలో శిశువుకు ఆక్సిజన్ అందకపోవడం వంటివీ ఈ కోవలోవే. ఇవేవీ మీ చేతిలోనూ లేవు, మీ అమ్మగారి చేతిలోనూ లేవు.

సమాధానం 2

చేతిలో ఉన్నవాటి గురించి అడిగారు కనుక చెబుతున్నాను, మీరు వాడుతున్నారని అనుకుని కాదు: గంజాయికి పూర్తిగా దూరంగా ఉండండి. 1969–70లో స్వీడన్ సైన్యం పిలుపుపై హాజరైన సుమారు 45,000 మంది యువకులను పదిహేనేళ్లపాటు గమనించి, 1987లో ఫలితాలు ప్రచురించారు. అప్పటికే యాభైసార్లకు మించి గంజాయి తాగినవారిలో స్కిజోఫ్రీనియా, తాగనివారితో పోలిస్తే ఆరు రెట్లు ఎక్కువగా కనిపించింది. ఇతర కారణాలను లెక్కలోకి తీసుకున్నప్పుడు ఆ తేడా తగ్గింది గాని, పూర్తిగా పోలేదు. గంజాయి తాగే చాలామందికి ఏమీ కాదన్నది నిజమే. అయితే కుటుంబంలో జబ్బు ఉన్నవారు ఆ చాలామందిలో తామూ ఉంటామని పందెం కాయకూడదు.

సమాధానం 3

మా అన్నయ్యకు ఇదే జబ్బు. నాకు అది రాలేదు, కానీ 24వ ఏట డిప్రెషన్ వచ్చింది. అందరమూ ఒక్క స్కిజోఫ్రీనియా కోసమే కాపలా కాస్తూ ఉండటంతో, దాన్ని గుర్తించడానికి ఏడాది పట్టింది.

జబ్బు ఉన్న ఇంట్లో పెరగడం కూడా ఒక భారమే. బాల్యంలోని కష్టాల గురించి అమెరికాలో 1998లో వెలువడిన ప్రసిద్ధ అధ్యయనంలో కొట్టడం, తల్లిపై హింస, ఇంట్లో మద్యం వంటివాటితోపాటు, ఇంట్లో ఒకరికి మానసిక వ్యాధి ఉండటాన్ని కూడా ఒక అంశంగా లెక్కించారు. నాలుగు లేదా అంతకు మించిన అంశాలు ఉన్నవారిలో మద్యానికి బానిస కావడం, డిప్రెషన్, ఆత్మహత్యా ప్రయత్నం వంటి ముప్పులు నాలుగు నుంచి పన్నెండు రెట్లు పెరిగాయి. ఒక్కటే ఉన్నవారి సంగతి అంత తీవ్రం కాదు. లండన్ మహిళలపై 1978లో వచ్చిన మరో పరిశోధనలో, మనసు విప్పి చెప్పుకునే మనిషి లేకపోవడం డిప్రెషన్‌కు అవకాశమిచ్చే అంశాలలో ఒకటిగా తేలింది. ఆ లెక్కన అర్ధరాత్రి లేచి జవాబు చెప్పే తమ్ముడు మీకు చిన్న ఆస్తి కాదు. రాత్రుళ్లు ఎందుకు లేపుతున్నారో పగటిపూట కూర్చోబెట్టి అతనికి చెప్పండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. వాడికి ఈ రోజే చెప్పాను, పరీక్షల భయమనుకున్నాడట. పరీక్షల వల్ల రోజుకు నాలుగు గంటలే నిద్రపోతున్నాను. ఇది లక్షణమా, కారణమా?

సమాధానం 1 వ్రాసినవారు

రెండూ కావచ్చు. ఇద్దరికీ వినిపించిన అలికిడి భ్రమ కాదు. మీరు వ్రాసినదాన్ని బట్టి నాకు ఆందోళన, పదేపదే సరిచూసుకునే అలవాటు ఎక్కువగా కనిపిస్తున్నాయి, అయితే చూడకుండా నిర్ధారణ చేయలేను. ఎవరూ లేనప్పుడు మాటలు వినిపించడం, కారణం లేని అనుమానాలు బలపడటం, స్నేహితులకు, చదువుకు క్రమంగా దూరం కావడం మొదలైతే మాత్రం ఆలస్యం చేయకండి. అవేవీ లేకపోయినా, రెండు నెలలుగా ఇలా జరుగుతోంది, నిద్ర కూడా చాలడం లేదు కనుక ఈ వారంలోనే మానసిక వైద్యుణ్ణి కలవండి. అమ్మగారికి మొదట కనిపించిన మార్పు ఏమిటో, ఏ మందు పనిచేసిందో ఒక కాగితంపై వ్రాసుకుని వెళ్లండి. అక్కడ కూర్చున్నాక అవేవీ గుర్తుకు రావు.